కాశీ డోములు: బిరుదు వేరు, బ్రతుకు వేరు

ఏటా గణతంత్ర దినోత్సవ సందర్భంగా పద్మ పురస్కారాల జాబితా వెలువడగానే రాజధానిలోని విలేఖరులం అందులో మన ప్రాంతాలవారి పేర్లు వెదకి, తక్కినవాటిని పైపైన చూసి వదిలివేయడం పరిపాటి. 2021 జాబితాలోని ఒక పేరును మాత్రం నేను అలా వదలలేకపోయాను. అది ఉత్తరప్రదేశ్‌కు చెందిన జగదీశ్ చౌధరి పేరు. కాశీలో ఆయనను డోమ్ రాజా అనేవారు. 2020 ఆగస్టులో ఆయన కన్నుమూశారు. పద్మశ్రీ మరణానంతరం లభించింది. 2019 లోక్‌సభ ఎన్నికలలో ప్రధాని నరేంద్ర మోదీ నామినేషన్‌ను ప్రతిపాదించిన వారిలో ఆయన ఒకరు.

కాటికాపరి తెలుగువారికి అపరిచితుడు కాడు. హరిశ్చంద్రుని కొనుక్కొన్న వీరబాహుని చూడని నాటక ప్రేక్షకుడు మన పల్లెలలో ఒకప్పుడు అరుదు. రాజు కాటికాపరి అయినప్పుడు మనం కన్నీరు కార్చాము. కాటికాపరి కొడుకు కాటికాపరిగానే మిగిలిపోతే అది మనకు విషాదంగా తోచలేదు. అసలు ప్రశ్న అక్కడే ఉన్నది.

మణికర్ణిక, హరిశ్చంద్ర ఘాట్లలో చితికి నిప్పు డోముల వద్దనే తీసుకోవాలన్నది ఆచారం. ఆ నిప్పు ఎన్నడూ ఆరలేదని కాశీవాసుల విశ్వాసం. ఘాట్‌లో పని, రాబడి వంతుల ప్రకారం సాగుతాయి. ఈ వంతును 'పారీ' అంటారు. అది తండ్రి నుండి కొడుకుకు ఆస్తివలె సంక్రమిస్తుంది. తాకట్టు పెట్టుకొనవచ్చు, అమ్ముకొనవచ్చు. కనుక 'రాజా' అన్న మాట విని జాతి అంతా భాగ్యవంతమని భ్రమించరాదు. వంతులు అధికంగా గలవారు కొందరు. పొగలో, సెగలో నిలబడి కట్టెలు ఎగదోసే కూలీలు పెక్కుమంది. ఉత్తరప్రదేశ్‌లో డోములు షెడ్యూల్డు కులాలవారు. వారి చేతి నిప్పు లేనిదే మోక్షం లేదని నమ్మేవారే వారి చేతి నీరు ముట్టకపోవడం శతాబ్దాల చరిత్ర.

అమెరికాలో అంత్యక్రియల నిర్వహణ అనేక కుటుంబాలకు తరతరాల వృత్తి. తండ్రి బాటలో నడిచే కుమారుడు శిక్షణ పొంది, చాలా రాష్ట్రాలలో లైసెన్సు పుచ్చుకొని, ఊరి పెద్దలలో ఒకడుగా మన్నన పొందుతాడు. ఇష్టం లేనివాడు వేరొక వృత్తి చూసుకొంటాడు. కులవృత్తి అన్నది నిర్బంధంగా మారినది మన సమాజంలోనే. రాజ్యాంగం 17వ అధికరణం అస్పృశ్యతను నిషేధించినది గాని, శ్మశానంలో పుట్టినవానికి బయటికి దారి చూపే పని ప్రభుత్వాలకే మిగిలినది.

ఈ సేవను కులంతో నిమిత్తం లేకుండా స్వచ్ఛందంగా స్వీకరించినవారూ ఉన్నారు. ఫైజాబాద్‌లో సైకిళ్లు బాగుచేసుకొని జీవించిన మహమ్మద్ షరీఫ్ కుమారుడు 1992లో హత్యకు గురయ్యాడు. శవం అనాథ ప్రేతంగా పోయింది. ఆ తరువాత షరీఫ్ మతభేదం పాటించక దిక్కులేని శవాలకు అంత్యక్రియలు జరిపిస్తూ వచ్చారు. 2020లో ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు. షరీఫ్ కోరి వరించిన పనిని డోము బాలుడు పుట్టుకతోనే మోస్తున్నాడు. ఇద్దరికీ ఒకే బిరుదు ఇచ్చి, ఈ తేడాను మరుగుపరచడం న్యాయం కాదు.

చట్టం ఏమంటున్నది? మానవ గౌరవం మృతదేహానికి సైతం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. కోవిడ్ రెండవ విజృంభణ సమయంలో, 2021 మే నెలలో, జాతీయ మానవ హక్కుల కమిషన్ మృతుల హక్కుల రక్షణకు ప్రత్యేక చట్టం అవసరమని సూచించింది. శ్మశాన సిబ్బందికి రక్షణ సామగ్రి, న్యాయమైన వేతనం ఇవ్వాలని, టీకాలలో ప్రాధాన్యం కల్పించాలని కూడా కోరింది. ఆ రోజులలో ఢిల్లీలో చితులకు చోటు చాలక కారు పార్కింగు స్థలాలలో సైతం దహనాలు జరిగాయి. సొంత బంధువులే దగ్గరకు రావడానికి జంకిన శవాలను దహించినవారు ఈ సిబ్బందే. విజృంభణ తగ్గగానే సిఫారసులూ మరుగున పడినాయి.

పురస్కారాలిచ్చే అధికారం ఢిల్లీది. శ్మశానాలు మాత్రం రాజ్యాంగం ఏడవ షెడ్యూలు ప్రకారం రాష్ట్రాల జాబితాలోనివి. పన్నెండవ షెడ్యూలు వాటిని పురపాలక సంఘాల విధులలో చేర్చింది. కనుక తెలుగు పాఠకులు దీనిని కాశీ ముచ్చటగా కొట్టివేయరాదు. తెలంగాణ పల్లెలలో గోతులు తవ్వే బ్యాగరివారి స్థితి మన శాసనసభల బాధ్యతే.

ఈ వృత్తిని విడువదలచినవానికి చదువు, ఉపాధి లభించాలి. నిలువదలచినవానికి ఉద్యోగ హోదా, వేతనం, వైద్యం, బీమా సమకూరాలి. ఈ రెండింటిలో ఏ ఒక్కటి లోపించినా కులవృత్తిని సేవ అని కీర్తించడం వంచనే అవుతుంది. జగదీశ్ చౌధరికి పతకం ఇచ్చిన ప్రభుత్వం ఆయనవంటి వారి బిడ్డలకు ఈ స్వేచ్ఛ ఇచ్చినదా అని ప్రజాప్రతినిధులను అడిగే హక్కు మనకున్నది. వచ్చే బడ్జెట్ సమావేశాలలో ఆ మాట ఎవరు ఎత్తుతారో చూడాలి.