కచేరీ ఎవరిది, ఆశీలు ఎవరికి?

సంగీతానికి స్వాతంత్ర్యం వచ్చిందని ఇరవై ఏళ్ళుగా ఒక ప్రచారం సాగుతున్నది. రికార్డు కంపెనీల ద్వారపాలకులు పోయారట. ఏ కంపెనీతోనూ ఒప్పందం లేని బ్యాండు సైతం ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్‌ల సహాయంతో నేరుగా శ్రోత గుమ్మంలోకి నడిచి వెళ్ళగలదట. అయినా వెళ్ళలేకపోతే అది ఆ బ్యాండు బద్ధకమేనట. వ్యాపార పత్రికలు ఈ మాట అంటే ఆశ్చర్యపోనక్కరలేదు. కాని మన కళాశాలల్లోని అభ్యుదయ మిత్రులు కూడా దీనిని సాంకేతిక ప్రజాస్వామ్యమని మెచ్చుకుంటున్నారు. అందుకే సమాధానం చెప్పవలసి వస్తున్నది.

ఈ వాదానికి మూలపురాణం ఇంగ్లండులోని షెఫీల్డు నగరపు బ్యాండు ఆర్కిటిక్ మంకీస్ కథ. 2006 జనవరిలో వెలువడిన వారి తొలి ఆల్బం బ్రిటన్‌లో మొదటి వారంలోనే 3,60,000 ప్రతులకు పైగా అమ్ముడయింది. "మైస్పేస్ చేసిన అద్భుతం" అన్నారు. జరిగినదేమిటి? ఆ కుర్రవాళ్ళు చిన్న చిన్న కచేరీలు చేస్తూ, తమ పాటల సీడీలను వచ్చినవారికి ఉచితంగా పంచిపెట్టారు. వాటిని ఇంటర్నెట్‌లోకి ఎక్కించినవారు అభిమానులు. మైస్పేస్‌లో వారి పేర పేజీ తెరిచినదీ అభిమానులే. పైగా ఆ ఆల్బం రాకముందే, 2005లోనే, వారు డొమినో అనే రికార్డు సంస్థతో ఒప్పందం చేసుకున్నారు. అంటే పాట పుట్టింది కచేరీలో, దాన్ని మోసింది శ్రోతల చెమట. కీర్తి మాత్రం వేదిక యజమాని ఖాతాలో జమ అయింది.

ఇందులోని ఆర్థిక సూత్రం మన పల్లెటూరి సంతను ఎరిగినవారికి కొత్త కాదు. కొత్త సంత పెట్టినవాడు మొదట ఆశీలు అడగడు. రండి, చోటు ఉచితం అంటాడు. కూరగాయలవారూ కుమ్మరివారూ వచ్చి జనాన్ని పోగు చేసిన తరువాత రసీదు పుస్తకం పైకి తీస్తాడు. మైస్పేస్ 2003లో మొదలయింది. బ్యాండ్లు తమ పాటలతో దానిని నింపాయి. 2005లో రూపర్ట్ మర్డోక్‌కు చెందిన న్యూస్ కార్పొరేషన్ దాని మాతృసంస్థను 58 కోట్ల డాలర్లకు కొన్నది. ఆ సొమ్ములో పాటలు పెట్టినవారికి దక్కినది శూన్యం. 2011లో మైస్పేస్ సుమారు 3.5 కోట్ల డాలర్లకు చేతులు మారింది. ఇక 2019లో, సర్వర్ల మార్పిడిలో, అంతకుముందు పన్నెండేళ్ళపాటు ఎక్కించిన పాటలన్నీ పోయాయని చల్లగా సెలవిచ్చారు. పోయినవి 5 కోట్లకు పైగా పాటలని పత్రికలు లెక్క కట్టాయి. సంత ఎత్తేసినవాడు సరుకును కూడా తగలబెట్టిపోయాడన్నమాట!

ఫేస్‌బుక్‌లో రసీదు పుస్తకం మరింత త్వరగా బయటపడింది. ఒక పేజీ చెప్పే విషయం దాని అభిమానులలో సగటున 16 శాతానికే చేరుతున్నదని 2012లో ఆ కంపెనీయే ప్రకటించింది. మిగిలినవారికి చేరాలంటే సొమ్ము చెల్లించే ఏర్పాటు కూడా ఆ ఏడాదే వచ్చింది. 2018లో పేజీల పోస్టులను ఇంకా వెనక్కి నెట్టారు. ఏళ్ళ తరబడి ఊరూరా తిరిగి తాను పోగు చేసుకున్న శ్రోతలతో మాట్లాడటానికి బ్యాండు యజమానికి సుంకం కట్టాలి. దీనిని స్వాతంత్ర్యం అనేవారు వెట్టిని సేవ అన్నవారికి సహోదరులు.

స్పాటిఫై సంగతి చూడండి. 2024 నుంచి, గడచిన పన్నెండు నెలల్లో 1,000 సార్లు వినబడని పాటకు అక్కడ రికార్డింగు రాయల్టీ లేదు. ఆ సొమ్ము ఎక్కువగా వినబడే పాటలకు పోతుంది. లేనివాడి చిల్లర ఉన్నవాడి సంచిలోకి! 2020లో ప్రకటించిన డిస్కవరీ మోడ్ పద్ధతి ఇంకా ఘనమైనది. పాటను సిఫారసులలో ముందుకు తోయించుకోవాలంటే, అక్కడ దానికి వచ్చే రాయల్టీలో 30 శాతం వదులుకోవాలి. రేడియోలో పాట వేయడానికి చాటుగా సొమ్ము పుచ్చుకున్న పేయోలా వ్యవహారం మీద అమెరికన్ కాంగ్రెసు 1959-60లో విచారణ జరిపి, 1960లో దానిని చట్టవిరుద్ధం చేసింది. ఆనాటి లంచానికి ఈనాడు ధరల పట్టిక వేలాడదీశారు. అంతే తేడా.

ద్వారపాలకుడు పోలేదు, అల్గారిథం అనే ముసుగు వేసుకున్నాడు. వెనుకటివాడితో పోట్లాడటానికి ముఖమైనా ఉండేది. వీడికి అదీ లేదు. అభ్యాసానికి పోవలసిన సాయంత్రం రీళ్ళు తీయడానికి పోతున్నది. పల్లవికి ముందు వాద్యం వినిపిస్తే వేలు జారిపోతుందేమోనని స్వరకర్త భయపడుతున్నాడు. యజమాని కొలబద్ద రచనలోకే ప్రవేశించింది. సంస్కృతి విమర్శకులకు దీనికంటే ఆందోళనకరమైన విషయం ఏముంటుంది?

అయితే వీటిని పూర్తిగా బహిష్కరించండని ఉపదేశించే అతివాద మిత్రులతోనూ నేను ఏకీభవించను. ఉన్న ఒక్క సంతనూ వదలిపెట్టి అడవిలో పాడుకోమనడం కళాకారుడికి మేలు చేయదు. 1940లలో ప్రజానాట్యమండలి దళాలు బుర్రకథను పల్లె పల్లెకూ తీసుకుపోయినప్పుడు జనాన్ని కూర్చినది ఎవరు? రైతు సంఘం, విద్యార్థి సంఘం. శ్రోత ఎవడి ఖాతా పుస్తకంలోనో బందీ కాలేదు. అతడు ఉద్యమంలో సభ్యుడు. మనం నేర్వవలసిన పాఠం ఇదే. ప్రచారసాధనం ఏదైనా కావచ్చు, శ్రోతతో సంబంధం మాత్రం మన చేతిలో ఉండాలి.

మంచి యజమానిని వెదుక్కోవడం కూడా విముక్తి కాదు. డిజిటల్ అమ్మకాలపై మామూలుగా 15 శాతం మాత్రమే తీసుకునే బ్యాండ్‌క్యాంప్‌ను చూసి చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. అది 2022లో ఎపిక్ గేమ్స్ చేతికి, 2023లో సాంగ్‌ట్రేడర్ చేతికి పోయింది. రెండవసారి చేతులు మారినప్పుడు సిబ్బందిలో సగం మంది వీధిన పడ్డారు. వారు అప్పటికే యూనియన్ పెట్టుకుని ఉన్నారన్నది గమనించదగిన విషయం. అమెరికాలో 2020లో ఏర్పడిన సంగీత కార్మికుల యూనియన్, పాట విన్న ప్రతిసారీ ఒక సెంటు చెల్లించాలని కోరుతూ 2021లో స్పాటిఫై కార్యాలయాల ముందు ప్రదర్శనలు జరిపించింది. దారి అటు ఉన్నది. ఒంటరి బ్యాండు ఎంత చక్కగా ప్రచారం చేసుకున్నా, పక్క బ్యాండును తోసి ముందుకు పోవడమే దానికి మిగులుతుంది.

చివరకు మన మాట. మన కళాశాల వార్షికోత్సవాలకు కుర్రవాళ్ళ బ్యాండును పిలుస్తాము. పందిరివాడికీ మైకువాడికీ లెక్క ప్రకారం ఇస్తాము. పాడినవారితో మాత్రం "వీడియో పెడతాము, మీకు ప్రచారం వస్తుంది గదా" అంటాము. ఇది ఆ కంపెనీల భాష కాదా? సభలో శ్రమ విలువ సిద్ధాంతం చెప్పి, తెర వెనుక శ్రమను ఉచితంగా పుచ్చుకోవడానికి మనకేమి అధికారం ఉన్నది? టిక్కెట్టు పెడదాం, చందా పోగు చేద్దాం, పాటకు కూలి ఇద్దాం. వచ్చిన శ్రోతల చిరునామాలు, వారి ఇష్టంతోనే, వ్రాయించి ఆ బ్యాండు చేతికే ఇద్దాం. అది చేయని నాడు మార్క్ జుకర్‌బర్గ్‌ను తిట్టడానికి మన నోటికి అర్హత లేదు.