వృద్ధ చోదకులు - లైసెన్సు పునరుద్ధరణ

వరంగల్లు, హనుమకొండ, కాజీపేట ఒకే రోడ్డు పొడవునా కలిసిపోయిన మూడు ఊళ్లు. ఈ మూడింటి మధ్య పని ఉన్న మనిషి నడిచి తిరుగలేడు. పింఛను సంగతి కనుక్కోవడానికి బ్యాంకుకు, మందుల కొరకు ఎం.జి.ఎం. ఆసుపత్రికి, సరుకుల కొరకు మండీ బజారుకు, మనుమరాలిని దింపడానికి బడికి - ఇన్నింటికీ మన ఇళ్లలోని పెద్దవారు నేడు స్కూటరు మీదనే వెళ్తున్నారు. ఒక తరం క్రిందట అరవై దాటిన మనిషి రిక్షా ఎక్కేవాడు, లేదా కొడుకు సైకిలు వెనుక కూర్చునేవాడు. రిక్షా పోయింది. కొడుకు హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉన్నాడు. స్కూటరు మిగిలింది. కనుక వృద్ధుల డ్రైవింగు లైసెన్సు గురించి మాట్లాడడమంటే కార్లున్న కొద్దిమంది సౌఖ్యం గురించి మాట్లాడడం కాదని ముందుగానే మనవి చేస్తున్నాము.

మన దేశంలో వాహనం నడపడానికి కనీస వయస్సు ఉన్నది గాని, గరిష్ఠ వయస్సు లేదు. ఇది మంచిదే. పుట్టిన తేదీని చూసి మనిషి సామర్థ్యాన్ని తేల్చడం న్యాయం కాదు. అరవైకే చేతులు వణికేవారున్నారు, ఎనభైలోనూ సూదిలో దారం ఎక్కించేవారున్నారు. చట్టం ఈ తేడాను గుర్తించి, వయస్సు పెరిగిన కొలదీ పునరుద్ధరణ గడువును తగ్గించుకుంటూ వచ్చింది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత వాహనం నడిపేవారి లైసెన్సు ఇరవై ఏళ్లపాటు గాని, యాభై ఏళ్లు నిండే వరకు గాని, ఏది ముందైతే అంతవరకు చెల్లేది. ఆ తరువాత ఐదేళ్లకొకసారి పునరుద్ధరించుకోవలసి ఉండేది. 2019లో వచ్చిన సవరణ ఈ లెక్కను మార్చింది. ముప్పై నిండనివారికి నలభై ఏళ్ల వయస్సు వరకు, ముప్పై నుండి యాభై లోపువారికి పదేళ్లపాటు, యాభై నుండి యాభై ఐదు లోపువారికి అరవై నిండే వరకు, అటు తరువాత ఐదేళ్లకొకసారి అని నిర్ణయించింది.

ఈ మార్పును కొంచెం ఆగి చూడవలసి ఉన్నది. నలభై తొమ్మిదవ ఏట లైసెన్సు పునరుద్ధరించుకొన్న మనిషికి పాత చట్టం ప్రకారం యాభై నిండగానే గడువు ముగిసేది. కొత్త చట్టం ప్రకారం అతడు యాభై తొమ్మిది వరకు రవాణా శాఖ వైపు చూడనక్కరలేదు. కంట్లో శుక్లాలు మొదలయ్యేది, చక్కెర వ్యాధి కంటి నరాలను తాకేది చాలామందికి ఆ పదేళ్లలోనే. మరొక వైపు, యాభై ఆరేళ్ల మనిషికీ ఎనభై ఆరేళ్ల మనిషికీ చట్టం ఇచ్చే గడువు ఒకటే, ఐదేళ్లు. ఆ ఇద్దరి శరీరాలలో ఐదేళ్ల కాలం ఒకే తీరుగా గడుస్తుందని శాసనకర్తలు ఎట్లా అనుకొన్నారో మాకు బోధపడలేదు.

ఐతే మా అసలు ఫిర్యాదు గడువు మీద కాదు, వైద్యపత్రం మీద. నలభై దాటిన ప్రతి దరఖాస్తుదారుడు పునరుద్ధరణకు వైద్యుని ధ్రువపత్రం జతపరచవలెనని చట్టం చెబుతున్నది. ఈ నలభై అంకె ఎక్కడిదో గాని, మన భాషలకు బాగా కుదిరింది. దగ్గరి అక్షరాలు మసకబారే దృష్టిలోపాన్ని తెలుగులో చత్వారం అంటాము, నలభై అనే అర్థమిచ్చే సంస్కృత పదం నుండి పుట్టిన మాట అది. హిందీ, ఉర్దూ మాట్లాడే ఇళ్లలో చాలీసా అంటారు. అదీ నలభయ్యే. అమ్మమ్మలు ఏనాడో కనిపెట్టిన సంగతిని చట్టం ఆలస్యంగానైనా ఒప్పుకొన్నదన్నమాట.

వైద్యుడు పూరించవలసిన ఆ పత్రాన్ని 1-ఎ ఫారం అంటారు. అందులోని ప్రశ్నలు చక్కనివి. పగటి వెలుతురులో ఇరవై ఐదు మీటర్ల దూరం నుండి మోటారు కారు నంబరు పలకను చదువగలడా? తీవ్రమైన లేదా పూర్తి వర్ణాంధత్వం ఉన్నదా? రేచీకటి ఉన్నదా? మామూలు హారను చప్పుడు వినరానంత చెవుడు ఉన్నదా? మూర్ఛ గాని, కళ్లు తిరగడం గాని ఉన్నదా? ఈ ప్రశ్నలను నిజంగా అడిగి, నిజంగా పరీక్షించి జవాబు వ్రాస్తే పావుగంట పడుతుంది. కాని జరుగుతున్నదేమిటో పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. దరఖాస్తు నింపే ఏజెంటు వద్దనే ముద్ర వేసిన పత్రం సిద్ధంగా ఉంటుంది. పేరు, వయస్సు వ్రాసుకొంటే చాలు. మా పరిచయస్థులలో ఒక పెద్దాయన తన పత్రం మీద సంతకం చేసిన డాక్టరు ఆడవారో మగవారో కూడ ఈనాటికీ ఎరుగరు. డబ్బులిచ్చి కొన్నది కనుక ఆ పత్రం ఆయనకు ఒక రసీదు మాత్రమే. ఆయన ఎడమ కంటికి శుక్లం ముదిరిన సంగతి ఆ తరువాత ఏడాదికి మరొక పని మీద ఆసుపత్రికి వెళ్లినప్పుడు బయటపడింది. ఆ ఏడాది పొడుగునా ఆయన హంటర్ రోడ్డు మీద బండి నడుపుతూనే ఉన్నారు.

దీనికి తోడు 2021 మార్చిలో కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ ఆధార్ ఆధారంగా కార్యాలయానికి రాకుండానే పొందగల 18 సేవలను ప్రకటించింది. డ్రైవింగు పరీక్ష అవసరం లేని లైసెన్సు పునరుద్ధరణ వాటిలో ఒకటి. మోకాళ్ల నొప్పులతో వరుసలో నిలబడలేని వృద్ధులకు ఇది గొప్ప ఉపకారమని ఒప్పుకొంటాము. వద్దనము. కాని వైద్యుడు చూడక, అధికారి చూడక, ఎనభై ఏళ్ల మనిషికి మరొక ఐదేళ్లు అనుమతి లభించే మార్గం తెరిచి ఉన్నప్పుడు, ఇరవై ఐదు మీటర్ల నంబరు పలకను ఎవరు చదివించినట్లు? వరుసలో నిలబడే కష్టాన్ని తొలగించిన ఏర్పాటే కంటిని పరీక్షించే చివరి అవకాశాన్ని కూడ తొలగించరాదు.

ఇది సాధ్యమయ్యే పని కాదనేవారు కాజీపేట వైపు చూడవచ్చు. అక్కడి రైల్వే జంక్షనులో రైలింజను నడిపేవారు మన ఇరుగుపొరుగువారే. వారికి ఉద్యోగంలో చేరింది మొదలు నలభై ఐదేళ్ల వయస్సు వరకు నాలుగేళ్లకొకసారి, అక్కడ నుండి యాభై ఐదు వరకు రెండేళ్లకొకసారి, ఆ తరువాత పదవీ విరమణ వరకు ప్రతి ఏటా వైద్య పరీక్ష జరుగుతుంది. రంగుల పరీక్షలో తప్పిన మనిషికి సిగ్నళ్లు చూసే పని ఇవ్వరు. అట్లని అతడిని వీధిన పడవేయరు, వేరొక పనిలో పెడతారు. పట్టాల మీద నడిచే బండికి ఇంత జాగ్రత్త అవసరమని తెలిసిన దేశంలో, పట్టాలు లేని రోడ్డు మీద, గేదెలు, బడిపిల్లలు, తోపుడు బండ్ల నడుమ నడిచే బండికి అందులో సగం జాగ్రత్త కూడ లేకపోవడం విచిత్రం.

ఇక్కడ ఒక మాట స్పష్టం చేయాలి. రోడ్డు ప్రమాదాలకు వృద్ధులే కారణమని మేము అనడం లేదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల వల్ల 1,68,491 మంది మరణించారని ప్రభుత్వ నివేదిక తెలిపింది. అందులో మూడింట రెండు వంతుల మంది 18 - 45 ఏళ్ల మధ్యవారు. ఒకే మోటారు సైకిలు మీద ముగ్గురు ఎక్కి, హెల్మెట్టును చేతికి తగిలించుకొని కళాశాల గేటు దాటే మన విద్యార్థి సోదరులు ఈ వ్యాసం చదివి ముసలివారి వైపు వేలు చూపవద్దని కోరుతున్నాము. పెద్దవారు సాధారణంగా మెల్లగా పోతారు, రాత్రిపూట బయలుదేరరు, తాగి నడపరు. వారికి వచ్చే ప్రమాదం వేగం వల్ల కాదు, కనబడకపోవడం వల్ల, వినబడకపోవడం వల్ల, బ్రేకు మీద కాలు ఒక్క క్షణం ఆలస్యంగా పడడం వల్ల. చిన్న దెబ్బ కూడ ఆ వయస్సులో తుంటి ఎముకను విరిచి మంచాన పడవేస్తుంది. పరీక్ష అవసరం ముందుగా వారి కొరకే, తరువాతనే ఇతరుల కొరకు.

ఇతర దేశాలు ఏమి చేస్తున్నాయో చూద్దాం. జపానులో డెబ్బై దాటినవారు లైసెన్సు పునరుద్ధరణకు ముందు ప్రత్యేక శిక్షణకు హాజరు కావాలి. డెబ్బై ఐదు దాటినవారికి జ్ఞాపకశక్తి, గ్రహణశక్తి పరీక్ష కూడ ఉంటుంది. 2019 ఏప్రిల్‌లో టోక్యోలోని ఇకెబుకురో ప్రాంతంలో ఎనభై ఏడేళ్ల వృద్ధుడు నడిపిన కారు క్రింద ఒక తల్లి, ఆమె చిన్న కూతురు మరణించారు. ఆ దుర్ఘటన దేశాన్ని కలచివేసింది. ఆ ఒక్క సంవత్సరంలోనే సుమారు ఆరు లక్షల మంది తమ లైసెన్సులను స్వచ్ఛందంగా తిరిగి ఇచ్చారు. 2022 మే నుండి డెబ్బై ఐదు దాటి, కొన్ని రకాల నియమ ఉల్లంఘనలు చేసినవారికి వాహనం నడిపి చూపే పరీక్ష కూడ పెట్టారు. మాకు అన్నింటికంటె నచ్చినది ఆ తిరిగి ఇచ్చే పద్ధతి. లైసెన్సు అప్పగించినవారికి ఇన్నేళ్లు వాహనం నడిపినారని తెలిపే ఒక ధ్రువపత్రం ఇస్తారు. దానిని చూపితే పలుచోట్ల బస్సు, టాక్సీ ఛార్జీలలో రాయితీ లభిస్తుంది. మనిషి ఓడిపోయి ఇంటికి వెళ్లడు, గౌరవంగా విరమించుకొంటాడు.

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్సులో, మన తెలుగువారు చాలామంది స్థిరపడిన సిడ్నీ నగరం ఉన్న రాష్ట్రంలో, డెబ్బై ఐదు నుండి ప్రతి ఏటా వైద్య పరీక్ష ఉంటుంది. ఎనభై ఐదు దాటినవారు రెండేళ్లకొకసారి రోడ్డు మీద నడిపి చూపాలి. అది ఇష్టం లేనివారు తమ ఇంటి చుట్టుపట్ల కొంత దూరానికే పరిమితమైన లైసెన్సు తీసుకోవచ్చు. ఇది ఆలోచింపదగిన ఏర్పాటు. హనుమకొండలో ఇల్లున్న డెబ్బై ఎనిమిదేళ్ల మాస్టరుగారికి హైదరాబాదు జాతీయ రహదారి మీద బండి నడిపే అవసరం లేదు. మందుల దుకాణానికి, మసీదుకు లేదా గుడికి, కూరగాయల అంగడికి పగటిపూట వెళ్లిరాగలిగితే ఆయనకు చాలును. ఇవ్వడం లేదా తీసివేయడం అనే రెండే తలుపులున్న మన పద్ధతిలో ఇటువంటి మధ్య ద్వారం ఒకటి కావాలి.

మన దగ్గర తీసివేసే అధికారం చట్టంలో లేకపోలేదు. వ్యాధి వల్ల గాని, అంగవైకల్యం వల్ల గాని వాహనం నడపడానికి పనికిరాడని నమ్మడానికి తగిన కారణాలుంటే లైసెన్సును ఎప్పుడైనా రద్దు చేయవచ్చునని 16వ సెక్షను చెబుతున్నది. దానిపై ముప్పై రోజులలో అప్పీలు చేసుకొనే హక్కును 17వ సెక్షను ఇస్తున్నది. కాని ఎవరు ఎవరిని గురించి ఫిర్యాదు చేస్తారు? కన్నతండ్రి మీద ఏ కొడుకూ రవాణా శాఖకు అర్జీ వ్రాయడు. చేసేదల్లా తాళంచెవి దాచిపెట్టడం. ఇంటింటా జరిగే ఈ చిన్న దొంగతనం ఎంత అవమానంగా ఉంటుందో తాళంచెవి వెదుకుతున్న పెద్దాయన ముఖం చూసినవారికి తెలుసు. ఆ చేదుమాట కొడుకు నోట రాకుండా వైద్యుని నోట రావాలన్నదే మా వాదన.

వైద్యులు ఎక్కడి నుండి వస్తారని అడుగవచ్చు. తెలంగాణ ప్రభుత్వం 2018 ఆగస్టు 15న కంటి వెలుగు కార్యక్రమం ప్రారంభించి, మొదటి విడతలోనే కోటిన్నర మందికి పైగా కళ్లు పరీక్షించింది. రెండవ విడత 2023 జనవరిలో మొదలైంది. ఊరూరా శిబిరం పెట్టి, అక్షరాల పటం గోడకు తగిలించి, అవసరమైనవారికి అద్దాలు ఇచ్చిన రాష్ట్రానికి, లైసెన్సు కొరకు వచ్చే అరవై దాటినవారి కళ్లు పరీక్షించడం పెద్ద పనేమీ కాదు. వరంగల్లులో ప్రాంతీయ నేత్ర వైద్యశాల ఉన్నది, కాకతీయ వైద్య కళాశాల ఉన్నది. వారానికొక పూట ఒక వైద్యుడు రవాణా శాఖ ఆవరణలో కూర్చుని, 1-ఎ ఫారం తన కళ్లెదుటనే పూరిస్తే ఏజెంటు అమ్మే పత్రానికి విలువ పోతుంది. ఆవరణలో ఒక నంబరు పలకను నిలబెట్టి, ఇరవై ఐదు మీటర్ల దూరాన సున్నంతో గీత గీయడానికి కొత్త బడ్జెట్టు అక్కరలేదు. డెబ్బై దాటిన తరువాత గడువును మూడేళ్లకో, రెండేళ్లకో తగ్గించి, పరీక్షకు రుసుము మాత్రం పూర్తిగా తీసివేయాలని కూడ సూచిస్తున్నాము.

లైసెన్సు విడిచిపెట్టినవారికి ఏమి ఇస్తామన్నది మిగిలిన ప్రశ్న. 2023 డిసెంబరు 9 నుండి మహాలక్ష్మి పథకం క్రింద మన ఆర్టీసీ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణం లభించింది. నానమ్మ హాయిగా బస్సెక్కుతున్నది, తాతయ్య మాత్రం స్కూటరు వదలలేకపోతున్నాడు. రైళ్లలో వృద్ధులకు ఉండిన రాయితీని 2020 మార్చిలో నిలిపివేసి, తిరిగి ఇవ్వలేదు. స్వచ్ఛందంగా లైసెన్సు అప్పగించిన వృద్ధునికి, ఆడ మగ భేదం లేకుండా, నగర బస్సులలో ఉచిత పాసు ఇస్తే ఎందరో సంతోషంగా ముందుకు వస్తారు.

ఐతే ఆటో నడిపి బ్రతికేవారి సంగతి వేరు. రవాణా వాహనాల లైసెన్సును వైద్యపత్రంతో ఐదేళ్లకొకసారి పునరుద్ధరించుకోవాలని చట్టం. కాని 2024 నవంబరులో సుప్రీం కోర్టు రాజ్యాంగ ధర్మాసనం, మామూలు తేలికపాటి వాహనాల లైసెన్సు ఉన్నవారు 7,500 కిలోల లోపు రవాణా వాహనాలను ప్రత్యేక అనుమతి లేకుండానే నడపవచ్చునని తీర్పు ఇచ్చింది. బీమా తగాదాలలో నలిగిన పేద డ్రైవర్లకు ఇది మేలు చేసింది. దాని మరొక ఫలితంగా, యాభై లోపల పదేళ్ల లైసెన్సు పొందిన ఆటో డ్రైవరు ఆ పదేళ్లూ కంటి పరీక్ష లేకుండా ప్రయాణికులను ఎక్కించుకోవచ్చు. చూపు మందగించిందని అతడికి తెలియక కాదు, బండి ఆపితే పొయ్యి వెలుగదు. 2019లో 2,016 రూపాయలకు పెంచిన వృద్ధాప్య పింఛనుతో ఆటో అప్పు వాయిదా కూడ తీరదు. మండీ బజారులో, స్టేషను రోడ్డులో ఆటోలు నడిపే పెద్దవారిలో మన విద్యార్థుల తండ్రులూ, తాతలూ ఉన్నారు. వారి కళ్లకు పరీక్ష పెట్టేవారు, తప్పిన మరునాడు వారి ఇల్లు ఎట్లా గడుస్తుందో కూడ అదే కాగితం మీద వ్రాయవలసి ఉంటుంది. శుక్లమైతే ఉచితంగా శస్త్రచికిత్స చేయించి, కోలుకునే వరకు కుటుంబానికి భత్యం ఇచ్చి, తిరిగి బండి ఎక్కించవచ్చు. నయం కాని లోపమైతే, రైల్వేవారు తమ డ్రైవర్లకు చేసినట్లు, మరొక పని చూపించాలి.