అబ్బ రాసిచ్చిన ఆస్తి కాదది

"మా అబ్బకుండె, మా నాయనకుండె, నాకూ వచ్చె. వంశంలో ఉన్నదాన్ని ఎవరు తప్పిస్తారు?" లేపాక్షి వైపు కిడ్నీలో రాళ్ల మాట ఎత్తితే చివరికి వినబడే తీర్పు ఇదే. చదువుకున్నవాళ్లు దీన్నే 'జీన్స్' అంటారు. మాట మారింది, పొరపాటు మారలేదు.

వంశానికి పాత్ర లేదని నేననను. దగ్గరి రక్తసంబంధీకుల్లో రాళ్లుంటే ముప్పు సుమారు రెండున్నర రెట్లు. కానీ ముప్పు వేరు, తలరాత వేరు. వియత్నాం యుద్ధకాలపు అమెరికా సైనికుల్లో కవలలను పరిశీలించిన ఫలితాలు 2005లో వచ్చాయి. ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరికి రాయి ఉంటే రెండోవారికీ ఉండే అవకాశం 32 శాతం. వేరు వేరు అండాల కవలల్లో 17 శాతం. ఈ తేడాలో జన్యువు చెయ్యి ఉంది, ఒప్పుకుందాం. అయితే జన్యువులన్నీ పంచుకున్న అన్నదమ్ముల్లోనే మూడింట రెండు వంతుల మంది తప్పించుకుంటుంటే, అబ్బ మనవడికి రాయిని వీలునామాలో రాసిచ్చాడని ఎలా నమ్మాలి? 2009లో ఐస్లాండ్ పరిశోధకులు క్లాడిన్-14 జన్యువులో ముప్పు పెంచే రూపాన్ని పట్టుకున్నారు. తల్లి నుంచీ తండ్రి నుంచీ దాన్ని అందుకున్నవారు జనంలో 62 శాతం. అంతమందికీ రాళ్లున్నాయా?

మరి ఇంటిల్లిపాదికీ ఎందుకొస్తున్నాయంటారు. ఇంట్లో పంచుకునేది రక్తం ఒక్కటేనా? కరువు సీమలో, చెనిక్కాయ చేలో, తండ్రీ కొడుకులు ఒకే చెంబు నీళ్లతో పూటంతా గడుపుతారు. ఒంట్లో నీరు చెమటగా పోయి మూత్రం చిక్కబడుతుంది. అందులో కాల్షియం, ఆక్సలేటు కలిసి గడ్డకడతాయి. మొదటిసారి రాయి వచ్చినవారిని ఇటలీలో ఐదేళ్లు గమనించి 1996లో లెక్క చెప్పారు: రోజుకు రెండు లీటర్లకు పైగా మూత్రం వచ్చేలా నీళ్లు తాగినవారిలో 12 శాతం మందికి రాయి మళ్లీ వచ్చింది, తాగనివారిలో 27 శాతం మందికి. అక్కడ ఎవరి జన్యువులూ మార్చలేదు, చెంబు పెంచారు.

వంశం పేరు చెప్పి పాలు, మజ్జిగ మానేసేవాళ్లున్నారు. రాయిలో కాల్షియం ఉంది కదా అని వాళ్ల వాదన. తిండిలోని కాల్షియం పేగులోనే చెనిక్కాయల ఆక్సలేటును పట్టేస్తుంది. అది మూత్రం దాకా రాదు. తగ్గించాల్సింది ఊరుబిండిలో ఉప్పు.

ఇక నిజంగా జన్యువే శాసించే రోగాలున్నాయి. సిస్టిన్యూరియా ఒకటి. ప్రైమరీ హైపర్ఆక్సల్యూరియా ఇంకొకటి: అందులో కాలేయం ఆక్సలేటును మితిమీరి తయారుచేసి కిడ్నీలనే పాడుచేస్తుంది. సాధారణంగా తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపం అందితేనే వచ్చే రోగాలివి, మేనరికాల ఇళ్లలో అవకాశం ఎక్కువ. వంశం గురించి మాట్లాడాల్సిన చోటు ఇది. సరిగ్గా ఇక్కడే "మా ఇంట్లో మామూలే" అని ఊరుకుంటారు! హైపర్ఆక్సల్యూరియాలో ఒక రకానికి 2020 నుంచి మందు కూడా ఉంది. ఎనిమిదేళ్ల పిల్లకు మూత్రంలో రాయి పడితే పారేయకండి. సీసాలో వేసి పరీక్షకు పంపండి, మేనరికపు సంగతి డాక్టరుకు చెప్పండి.