ఎండకు నిలుచు పాడి

గోదావరిఖనిలో వేసవి పగటి యుష్ణోగ్రత 45 డిగ్రీలను తాకు దినములు అరుదు కావు. ఉపరితల గనుల మట్టిగుట్టల నడుమ, విద్యుత్కేంద్రపు చెంత నున్న ఈ బొగ్గుపట్టణమునకు పాలు పోయు పల్లెల రైతు, ఋణము తెచ్చి ఆవును కొనబోవునపుడు మొదట నడుగునది పూటకు ఎన్ని లీటర్లిచ్చునని. ఆ యావు ఈ యెండను ఎట్లోర్చుననునది అంతకు ముందే యడుగవలసిన ప్రశ్నయని నా దృఢాభిప్రాయము.

హోల్‌స్టీన్ జాతి ఉత్తర ఐరోపాలోని చల్లని పచ్చికబయళ్ళలో రూపొందినది. విస్తారముగా మేసి విస్తారముగా పాలిచ్చు ఆ భారీకాయములో జీర్ణక్రియ వలననే మిక్కిలి వేడి పుట్టును. బయట 25 డిగ్రీలు దాటిన పిదప ఆ వేడిని వెలికి పంపుట దానికి కష్టమగుచు వచ్చును. అందువలన అది రొప్పును, మేత తగ్గించును, పాలు తగ్గును, ఎద స్పష్టముగా కనబడదు, చూడి నిలువదు. చిన్న దేహము గల జెర్సీ కొంత మేలు. మన ఒంగోలు, సాహివాల్, గిర్ జాతులకో, వదులైన చర్మము, వ్రేలాడు గంగడోలు, సమృద్ధమైన స్వేదగ్రంథులు ప్రకృతి యొసగిన రక్షణ. పిడుదులును, అవి తెచ్చు థైలేరియా జ్వరమును వానిని అంతగా బాధింపవు.

ఇట్లనుటచే సంకరమును నేను నిరాకరించుట లేదు. దేశవాళీ ఆవుకు హోల్‌స్టీన్ వీర్యము వలన పుట్టిన పెయ్య, తల్లి యోర్పును తండ్రి పాడిని పంచుకొని చక్కగా నిలద్రొక్కుకొనును. అనర్థము తరువాతి తరమున మొదలగును: ఆ పెయ్యకు మరల హోల్‌స్టీన్ వీర్యమునే వేయించినచో, పుట్టు దూడలో విదేశీ రక్తము నూటికి 75 వంతులగును, దానికిని అదే వేయించినచో దాని బిడ్డలో 87.5. బ్రెజిల్ వారు గిర్‌తో కలిపి గిరోలాండోను స్థిరపరచినపుడును, మన సైనిక డెయిరీ క్షేత్రములలో సాహివాల్‌తో కలిపి ఫ్రీస్వాల్‌ను రూపొందించినపుడును, హోల్‌స్టీన్ అంశను 62.5 శాతము వద్దనే నిలిపిరి. ఆ వివేకము మన పల్లెల కేల చేరలేదు?

ఇక గేదెల మాట: ముఱ్ఱా గేదె చిక్కని పాలకు ప్రసిద్ధమే. కాని నల్లని చర్మము, కొలది స్వేదగ్రంథులు గల ఆ జీవమునకు మధ్యాహ్నము నీట దిగనిదే ఉపశమనము లేదు. చెఱువు గాని, తడుపుటకు నీరు గాని చాలని చోట దానిని రేకుల కొట్టములో కట్టివేయుట హింసయే.

ఈ ప్రాంతమున పల్లెలు తిరిగి పశువులకు వీర్యము వేయు గోపాలమిత్రల యొద్ద సాహివాల్, గిర్ వీర్యమును, సగము సంకరపు ఆబోతుల వీర్యమును ఎల్లకాలము అందుబాటులో నుండవలెను. ప్రతి పశువు చెవిపోగు సంఖ్యకు ఎదుట దాని విదేశీ రక్తపు వంతు ఎంతయో వ్రాసి, సగమునకు చేరిన ఆవుకు మరల హోల్‌స్టీన్ వేయింపరాదని రైతుకు ముందే చెప్పవలెను.