ఎద ఇంజెక్షన్‌కు ముందు చూడి పరీక్ష చేయించండి

ఆడ దూడల కోసం లింగ నిర్ధారిత వీర్యం గ్రామాలకు వస్తోంది. దానితోపాటే పశువులను అనుకున్న రోజుకు ఎదకు తెచ్చే ప్రోస్టాగ్లాండిన్ ఇంజెక్షన్లకూ ప్రాధాన్యం పెరిగింది. ఇది మంచి మందే. కానీ చూడి పశువుకు పొరపాటున వేస్తే ఈసుకుపోతుంది.

ఎందుకంటే ఎద అండాశయం ఒక్కదాని పని కాదు. ఎద తర్వాత అండాశయంపై కార్పస్ లూటియం అనే చిన్న గడ్డ ఏర్పడి ప్రొజెస్టిరాన్ హార్మోన్ విడుదల చేస్తుంది. అది ఉన్నంతకాలం పశువు ఎదకు రాదు. ఆవు చూడి కట్టకపోతే 16-17 రోజులకు గర్భకోశమే ప్రోస్టాగ్లాండిన్ విడుదల చేసి గడ్డను కరిగిస్తుంది. దాంతో సుమారు 21 రోజులకు మళ్లీ ఎద వస్తుంది. పిండం ఉంటే ఈ విడుదలను ఆపుతుంది. గర్భకోశంలో చీము నిండినా, పిండం చచ్చి ఎండిపోయినా గడ్డ కరగదు. చూడితో ఉందనుకొని మీరు నెలల తరబడి ఊరికే మేపాల్సి వస్తుంది.

పాటించాల్సిన జాగ్రత్తలు:

• పశువు ఎదకు రాకపోతే ముందు పశువైద్యునితో చూడి పరీక్ష, గర్భకోశ పరీక్ష చేయించండి.

• ఎద తర్వాత మొదటి 5 రోజుల్లో ఈ ఇంజెక్షన్ సాధారణంగా పనిచేయదు.

• మేత లోపంతో అండాశయాలు పనిచేయని పశువులో కరిగించడానికి గడ్డే ఉండదు. ముందు పచ్చిమేత, దాణా, ఖనిజ లవణ మిశ్రమం ఇవ్వండి.

• ఈనాక మాయ పడకపోయినా, చెడు వాసనతో చీము కారినా వెంటనే చికిత్స చేయించండి.

• గర్భిణులు, ఆస్తమా ఉన్నవారు ఈ మందును ముట్టుకోరాదు.