రాత్రి పూట ఎవరుంటారని అడగండి

పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో, మంచాన పడ్డ అమ్మానాన్నలు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో. ఇలాంటి కుటుంబాలకు ఇప్పుడు వృద్ధుల సంరక్షణ కేంద్రాలే దిక్కవుతున్నాయి. అమెరికాలో 2008 నుంచి నర్సింగ్ హోమ్‌లకు ప్రభుత్వమే 5 వరకు స్టార్లు ఇస్తోంది. తనిఖీల ఫలితాలు, సిబ్బంది సంఖ్య, సంరక్షణ తీరు చూసి వీటిని నిర్ణయిస్తుంది. మన దగ్గర అలాంటి ప్రభుత్వ రేటింగ్ లేదు. అందుకే చాలామంది ఏసీ గది, పాలరాతి నేల చూసి డబ్బు కట్టేస్తున్నారు.

అసలు నాణ్యత తెలిసేది మంచం దగ్గరే. కదల్లేని వారిని సుమారు 2 గంటలకోసారి పక్కకు తిప్పకపోతే నడుము కింద, మడమల మీద పుండ్లు పడతాయి. ఆ పని రాత్రీ ఆగకూడదు. కాబట్టి రాత్రి ఎంతమందికి ఒక ఆయా ఉంటుంది, నర్సు ఉంటుందా అని అడగండి. పక్కకు తిప్పిన వేళలు, మందులు రాసే రిజిస్టర్ చూపమనండి. ఎవరైనా జారిపడితే ఇంటికి ఎంతసేపట్లో చెబుతారు, ఏ ఆసుపత్రికి తీసుకెళతారు అన్నదీ తేల్చుకోండి.

చేర్చాక చెప్పకుండా భోజనాల వేళ వెళ్లండి. తినిపించే మనిషి ఉన్నారా, పెద్దవాళ్లు ఎప్పుడూ మగతగానే ఉంటున్నారా గమనించండి. వీడియో కాల్‌లో ముఖమే కనిపిస్తుంది, వీపు కనిపించదు. మీరు దూరంగా ఉంటే, వారానికోసారి వెళ్లి చూసే బంధువును ముందే కుదుర్చుకోండి. నిర్లక్ష్యం కనిపిస్తే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయండి.