కరెంటు పోయినా... ‘హలో’ అనాలంటే!

2025 ఆగస్టు 27. కామారెడ్డి జిల్లాను వాన ముంచెత్తింది. 1922లో పూర్తయిన పోచారం ప్రాజెక్టు మీదుగా వరద పోటెత్తింది. కట్ట ఆగుతుందా లేదా అని దిగువ ఊళ్లవాళ్లు ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నారు. కట్ట ఆగింది. కానీ అలాంటి రాత్రి ఊళ్లో ఒంటరిగా ఉన్న అమ్మానాన్నలకు హైదరాబాద్ నుంచి పిల్లలు ఫోన్ చేస్తే అది మోగాలి కదా!

పాత ల్యాండ్‌లైన్ రోజుల్లో ఈ బెంగ లేదు. ఇల్లంతా చీకటైనా ఫోన్ మోగేది. దానికి కావాల్సిన కరెంటు రాగి తీగలోంచే వచ్చేది మరి! ఎక్స్ఛేంజీలో 48 వోల్టుల బ్యాటరీలు వరసగా ఉండి ఆ పని చూసుకునేవి. ఇప్పుడు చాలా ఇళ్లలో రాగి పోయి ఆప్టికల్ ఫైబర్ వచ్చింది. గాజు తీగలో వెలుగు పోతుంది గానీ కరెంటు పోదు. గోడకు తగిలించిన డబ్బా, అదే మనం మోడెం అనేది, ఇంటి కరెంటుతోనే బతకాలి. ఫ్యూజు పోతే ఫోనూ పోయినట్టే.

అమెరికాలో ఎఫ్‌సీసీ 2015లోనే దీనిమీద నిబంధన పెట్టింది. కంపెనీలు 8 గంటల బ్యాకప్ అమ్మకానికి ఉంచాలి, తర్వాత 24 గంటలదీ ఇవ్వాలి అంది. డబ్బులు మాత్రం వాడేవాళ్లే కట్టుకోవాల్సి వచ్చేది! ఆ నిబంధన గడువు 2025లో ముగిసింది.

ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో మోడెం ప్లగ్గు ఆ లైన్లో ఉందో లేదో చూస్తే చాలు. లేనివాళ్లకు మినీ యూపీఎస్ ఉంది. కొనేముందు మోడెం అడాప్టర్ మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లని రాసుందో చూడాలి. ఎక్కువగా 12 వోల్టులే ఉంటుంది. పెట్టె మీద 8,800 ఎంఏహెచ్ అని చూసి మురిసిపోకండి. లోపలి సెల్ 3.7 వోల్టులదైతే అది 32 వాట్ అవర్లే. 10 వాట్లు తాగే మోడెం మూడు గంటలు నడిస్తే గొప్ప. వైఫై ఆపేస్తే ఇంకాసేపు వస్తుంది. మరో మాట... కార్డ్‌లెస్ ఫోనైతే దాని స్టాండుకూ కరెంటు కావాలి. తీగ ఉన్న మామూలు ఫోనే మేలు.

బ్యాటరీని కొని మూల పడేస్తే చచ్చిపోతుంది. వాడకపోయినా రెండుమూడు నెలలకోసారి ఛార్జింగ్ పెట్టాలి. ఎండ తగలనివ్వకూడదు. నెలకోసారి మెయిన్ ఆపి ఫోన్ మోగుతోందో లేదో చూసుకోవాలి. ఇన్వర్టర్ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరే పోయాలి, బోరు నీళ్లు వద్దు. టెర్మినళ్లకు కాస్త వ్యాజిలీన్ రాస్తే చిలుం పట్టదు. ఉబ్బిన బ్యాటరీని ఒక్కరోజు కూడా ఇంట్లో ఉంచకండి. పాత ఇన్వర్టర్ బ్యాటరీని చెత్తలో వేయకుండా షాపులో ఇస్తే కొత్తదాని ధరలో కొంత తగ్గిస్తారు.